'బాహర్' పోయిన చేతులు

మా ఇళ్లలో ఒక మాట ఉంది. 'బాహర్'. అబ్బా ఎక్కడని పిల్లల్ని అడిగితే "బాహర్ హై" అంటారు. బాహర్ అంటే బయట. గల్లీ చివరికి పోయినా బాహరే, దమ్మాం పోయినా బాహరే. ఏ బాహరో ఆ పిల్లవాడి గొంతును బట్టి తెలుసుకోవాలి. గల్లీ చివరికి పోయినవాడు పొద్దుగూకే లోపల వస్తాడు. దమ్మాం పోయినవాడు రెండేళ్లకో మూడేళ్లకో వస్తాడు. అప్పటికి పిల్లవాడు అతన్ని అబ్బా అని పిలవడానికి సిగ్గుపడతాడు.

తెలుగు పత్రికల్లో, సభల్లో ఈ బయటికి పోవడానికి రెండు పేర్లున్నాయి. అమెరికా పోతే 'మేధోవలస'. గల్ఫ్ పోతే 'పొట్టకూటి వలస'. మొదటిది దేశానికి నష్టమని కొందరు బాధపడతారు, గర్వకారణమని కొందరు సన్మానాలు చేస్తారు. రెండోదాని మీద జాలి పడతారు. మొదటివాడు మెదడు పట్టుకుని పోయాడు, రెండోవాడు కడుపు పట్టుకుని పోయాడు అన్నట్టు మాట్లాడతారు. ఈ రెంటి మధ్యా చేతులుంటాయి. వాటి సంగతి ఎవరూ ఎత్తరు. ఈ వ్యాసం ఆ చేతుల గురించి.

నైపుణ్యం ఉన్నవాడు దేశం వదిలి ఎందుకు పోతాడు, ప్రభుత్వం అతన్ని ఆపగలదా, పంపగలదా అని అర్థశాస్త్రం తెలిసినవాళ్లు చర్చిస్తుంటారు. ఆ చర్చలోకి దిగే ముందు మేం ఒక ప్రశ్న అడగదలుచుకున్నాం. నైపుణ్యం ఉన్నవాడు ఎవరో తేల్చేది ఎవరు?

*

మా మామూ మోటార్ వైండింగ్ చేసేవాడు. కాలిపోయిన మోటారు తెచ్చి ముందర పెడితే విప్పి, స్లాట్లు లెక్కపెట్టి, మాడిన చుట్టలు ఒక్కొక్కటే తీసి, ఎన్ని చుట్లో మనసులో పెట్టుకుని, అదే గేజి రాగితీగతో మళ్లీ చుట్టేవాడు. వార్నిష్ పోసి ఆరబెట్టి, కరెంటిచ్చి, చెవి దగ్గర పెట్టి వినేవాడు. శబ్దంలో తేడా ఉంటే బేరింగ్ పోయిందో, చుట్ట తప్పిందో చెప్పేవాడు. చదువు నాలుగో తరగతి. పదకొండో ఏట ఉస్తాద్ దగ్గర చేరాడు. మొదటి రెండేళ్లు చాయ్ తెచ్చాడు, షాపు ఊడ్చాడు, పాత తీగ వొలిచాడు. ఆ తర్వాతే ఉస్తాద్ మోటారు ముట్టనిచ్చాడు. మా బస్తీలో పని నేర్చుకునే పద్ధతి ఇదే. జరీ పనివాళ్లు, లాడ్ బజార్‌లో లక్క గాజులు చేసేవాళ్లు, షేర్వానీ దర్జీలు, వెల్డర్లు, డెంటింగ్ పెయింటింగ్ మేస్త్రీలు, ఏసీ మెకానిక్‌లు అందరూ ఉస్తాద్ చేతి కింద తయారైనవాళ్లే. ఉస్తాద్ సర్టిఫికెట్ ఇవ్వడు. ఉస్తాద్ పేరే సర్టిఫికెట్. "ఫలానావాడి షాగిర్ద్" అంటే గల్లీలో చాలు.

ఆ మామూ దమ్మాం పోయేటప్పుడు అతని పాస్‌పోర్టు మీద ముద్ర పడింది. 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం చదువు తక్కువున్నవాళ్లు కొన్ని దేశాలకు పనికి పోవాలంటే ప్రభుత్వ అధికారి అనుమతి తీసుకోవాలి. ఈరోజు ఆ హద్దు పదో తరగతి దగ్గరుంది. ఆ దేశాలు 18. గల్ఫ్ దేశాలన్నీ అందులో ఉన్నాయి. పదో తరగతి తప్పినవాడి పాస్‌పోర్టు 'తనిఖీ కావాలి' అనే రకం. పాసైనవాడిది 'తనిఖీ అక్కర్లేదు' అనే రకం. మోసాల నుంచి కాపాడటానికే ఈ ఏర్పాటు అంటారు. ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ పదో తరగతి పాసై ఏ పనీ రాని కుర్రాడు ఒక గీతకు అవతల ఉంటాడు, కాలిన మోటారుకు ప్రాణం పోసేవాడు ఇవతల ఉంటాడు. ఆ గీత దేన్ని కొలుస్తోంది?

అదే నిబంధనల్లో ఇంకొక సంగతి ఉంది. గుర్తింపు ఉన్న సంస్థ నుంచి డిప్లొమా ఉంటే తనిఖీ అక్కర్లేదు. విదేశంలో మూడేళ్లకు మించి ఉన్నా అక్కర్లేదు. అంటే కఫీల్ కింద మూడేళ్లున్నవాడిని ప్రభుత్వం నమ్ముతుంది. ఉస్తాద్ కింద పదేళ్లున్నవాడిని నమ్మదు. పరాయి దేశపు యజమాని దగ్గర చేసిన చాకిరీకి ఉన్న విలువ సొంత బస్తీలో నేర్చిన విద్యకు లేదు.

2018 జనవరిలో ఈ గీతను రంగుల్లోకి దించబోయారు. తనిఖీ కావాల్సినవాళ్లకు నారింజ రంగు అట్టతో, మిగతావాళ్లకు మామూలు నీలం అట్టతో పాస్‌పోర్టులిస్తామని విదేశాంగ శాఖ ప్రకటించింది. విమానాశ్రయంలో దూరం నుంచే తెలిసిపోతుందన్నమాట, ఎవడు చదువుకున్నవాడో, ఎవడు కాడో. దేశమంతా వ్యతిరేకత వచ్చాక ఆ నెల తిరిగేలోపే వెనక్కి తీసుకున్నారు. రంగు పోయింది. గీత పోలేదు. పేరు చూసి, గడ్డం చూసి, టోపీ చూసి వేరు చేయడం మాకు కొత్త కాదు. అందుకే ఆ నారింజ అట్ట మాకు అంత తొందరగా అర్థమైంది. కానీ నిజాయితీగా ఒక మాట చెప్పాలి. ఆ అట్ట ఒక్క ముస్లింల కోసం తయారు కాలేదు. జగిత్యాల నుంచి, సిరిసిల్ల నుంచి, కడప నుంచి పోయే బీసీ, దళిత కార్మికుల జేబులోనూ అదే ఉండేది. ఈ గీత దగ్గర మేమూ వాళ్లూ ఒక్క వరుసలోనే నిలబడ్డాం.

*

విధానం అంటే ఆపడం, పంపడం మాత్రమే కాదు. ఒక విద్య రాత్రికి రాత్రే పనికిరానిదైపోయేటట్టు చేయడం కూడా విధానమే. మాకది బాగా తెలుసు.

1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధనాభాష ఉర్దూ. దేశభాషలో వైద్యం, ఇంజనీరింగ్, న్యాయశాస్త్రం చెప్పిన విశ్వవిద్యాలయం అది. పాఠ్యపుస్తకాలు తర్జుమా చేయడానికే ఒక శాఖ నడిచింది. నిజాం కచేరీల్లో, కోర్టుల్లో, రెవెన్యూలో ఉర్దూ వచ్చిన గుమస్తా నైపుణ్యం ఉన్న మనిషి. 1948 సెప్టెంబరులో పోలీస్ యాక్షన్ జరిగింది. దాని వెంట జరిగిన చావుల మీద సుందర్‌లాల్ కమిటీ 27 వేల నుంచి 40 వేల దాకా అంచనా చెప్పింది. ఆ నివేదికను దశాబ్దాల పాటు బయటపెట్టలేదు. చావుల సంగతి కొంతైనా చర్చకు వచ్చింది. బతికి ఉండి పనిపోయినవాళ్ల సంగతి అంత రాలేదు. ఎందరో ముస్లిం ఉద్యోగులు కొలువులు పోగొట్టుకున్నారు. ఉర్దూ స్థానంలో ఇంగ్లీషు, ఆపైన తెలుగు వచ్చాయి. తెలుగు ప్రజలకు తెలుగులో పాలన న్యాయమే, మేం కాదనం. మేమూ తెలుగువాళ్లమే, ఈ వ్యాసం తెలుగులోనే రాస్తున్నాం. కానీ ఆ గుమస్తాకు కొత్త భాష నేర్పి, కొత్త కుర్చీ ఇవ్వడానికి ఎవరూ పూనుకోలేదు. అతని చేతిరాత, లెక్క, చట్టం మీద పట్టు అన్నీ ఒక్క ఏడాదిలో పాత కాగితాలైపోయాయి.

1949లో జాగీర్దారీ రద్దయింది. జాగీర్దార్ల కోసం మేం కన్నీళ్లు కార్చం. వాళ్లు మా పేదల్నీ తొక్కినవాళ్లే. కానీ దేవిడీల చుట్టూ బతికిన దర్జీలు, వంటవాళ్లు, జరీ పనివాళ్లు, గుర్రపు బగ్గీలు బాగుచేసేవాళ్లు కూడా వీధిన పడ్డారు. వాళ్లు జాగీర్దార్లు కారు. వాళ్లకు ఏ పరిహారమూ రాలేదు. వీలున్నవాళ్లు కరాచీ పోయారు. అక్కడ బహదూరాబాద్ అనే పేటకు ఆ పేరు మా బహదూర్ యార్ జంగ్ పేరు మీద వచ్చిందే. నైపుణ్యం ఉన్నవాళ్ల వలస గురించి మాట్లాడేటప్పుడు ఈ వలసను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అది 'దేశద్రోహం' ఖాతాలో పడిపోయింది కాబట్టి. వెళ్లినవాళ్ల పేరు చెప్పి, వెళ్లకుండా ఉండిపోయినవాళ్లను ఈరోజుకీ నిలదీస్తున్నారు.

ఉండిపోయిన ఇళ్లలో తరం మారింది. తాత కలం పట్టాడు, మనవడు స్పానర్ పట్టాడు. దిగువకు పోయామని మేం అనం. స్పానర్ కలం కన్నా తక్కువ కాదు. అయితే ఇష్టపడి పట్టడం వేరు, వేరే దారి లేక పట్టడం వేరు. నిజాం కాలంలో మొదలైన కార్ఖానాలు కొన్నాళ్లు ఆదుకున్నాయి. వరంగల్ ఆజంజాహీ మిల్లు, బోధన్ షుగర్ ఫ్యాక్టరీ, ఆల్విన్, ప్రాగా టూల్స్. ఆల్విన్‌లో ఫ్రిజ్‌లు తయారైతే ఊరంతా ఫ్రిజ్ మెకానిక్‌లు తయారయ్యారు. ఒక కార్ఖానా జీతాలు మాత్రమే ఇవ్వదు, చుట్టూ ఉన్న గల్లీలకు పని నేర్పుతుంది. ఆ తర్వాత అవి ఒకటొకటే మూతపడ్డాయి. 2015 డిసెంబరులో నిజాం షుగర్స్‌కీ తాళం పడింది. కార్ఖానా మూసినవాళ్లు యంత్రాలకు ధర కట్టారు. చేతులకు ధర కట్టలేదు.

1973లో నూనె ధరలు పెరిగి గల్ఫ్‌లో ఊళ్లకు ఊళ్లు కట్టడం మొదలుపెట్టినప్పుడు మా చేతులు ఖాళీగా ఉన్నాయి. అందుకే పోయాయి.

*

"డబ్బు కోసం పోతారు" అని తేల్చేస్తారు. డబ్బు కోసమే. మేం ఒప్పుకుంటాం. కానీ ఇక్కడ డబ్బు ఎందుకు రాదో కూడా చెప్పాలి కదా.

2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదికలో ఒక లెక్క ఉంది. ముస్లిం కార్మికుల్లో 61 శాతం స్వయం ఉపాధి మీద బతుకుతున్నారు. హిందువుల్లో అది 55 శాతం. అంటే మేం ఉద్యోగాల కోసం కూచున్నవాళ్లం కాదు, సొంత పని చేసుకునేవాళ్లం. సొంత పనికి కావలసింది పెట్టుబడి. ముస్లింలు ఎక్కువగా ఉండే కొన్ని ప్రాంతాలను బ్యాంకులు అప్పు ఇవ్వకూడని ప్రాంతాలుగా గుర్తుపెట్టుకున్నాయని అదే నివేదిక చెప్పింది. పిన్‌కోడ్ చూసి అప్పు నిరాకరించే చోట ఏ కారీగర్ షాపు పెద్దదవుతుంది? మా మామూ షాపులో ఒక్క లేత్ మిషన్ ఉంటే నలుగురికి పని దొరికేది. బ్యాంకుకు మూడుసార్లు తిరిగాడు. జమానత్ అడిగారు. ఆ జమానత్ అతని దగ్గర ఉంటే అప్పెందుకు? చివరికి వడ్డీకి తెచ్చిన డబ్బు లేత్ మిషన్‌కు కాక వీసాకు పోయింది. వడ్డీవాడికి షాపు మీద నమ్మకం లేదు, వీసా మీద నమ్మకం ఉంది. మా బస్తీ ఆర్థికశాస్త్రం అంతా ఈ ఒక్క మాటలో ఉంది.

ఇంకొకటి కర్ఫ్యూ. 1990 డిసెంబరులో పాత నగరంలో మతకలహాలు జరిగాయి. ప్రాణాలు పోయినవాళ్ల సంఖ్య పేపర్లలో వచ్చింది. రోజుకూలీ, రోజుగిరాకీ మీద బతికే షాపులు ఎన్నాళ్లు మూసి ఉన్నాయో, ఆ నెల అద్దె ఎలా కట్టారో రాలేదు. కలహం ఆగిపోయాక కూడా అవతలి బస్తీ గిరాకీ తిరిగి రాదు. "అటువైపు ఎందుకులే" అనుకున్న కస్టమర్ ఇంకొక మెకానిక్‌ను వెతుక్కుంటాడు. పనితనంలో లోపం లేదు. పని చేసేవాడి గల్లీయే లోపమైంది. నైపుణ్యం ఉన్నవాడు ఎందుకు పోతాడని అడిగేవాళ్లు ఈ కారణాన్ని ఏ పట్టికలో రాసుకుంటారు?

మా లోపలి కారణాలూ ఉన్నాయి. వాటిని దాచుకుంటే ఈ విమర్శకు విలువ ఉండదు. జహేజ్, జోడే కా పైసా మా మతంలో లేవని వేదికల మీద చెప్తాం, ఇళ్లలో లెక్కపెట్టి తీసుకుంటాం. ముగ్గురు చెల్లెళ్లున్న కుర్రాడికి గల్ఫ్ తప్ప దారి లేదు. గల్ఫ్ డబ్బు వచ్చిన ఇల్లు జహేజ్ రేటు పెంచింది, ఆ రేటు కోసం పక్కింటివాడు గల్ఫ్ పోయాడు. 'ఎలాగూ బాహర్ పోవాలి కదా' అని ఎనిమిదిలోనే బడి మానేసిన పిల్లలు ఎందరో. అదే బడి రెండేళ్లు ఎక్కువ చదివి ఉంటే పైన చెప్పిన గీతను దాటేవాళ్లు. చేతిపనిని మా షరీఫ్ కుటుంబాలు కూడా చిన్నచూపు చూశాయి. దూదేకులవాడిని, ఖసాయిని దూరం పెట్టినవాళ్లకు సర్కారు గీత గీసిందని అరిచే హక్కు సగమే ఉంటుంది.

*

ఇక మమ్మల్ని ఎలా రాశారన్నది.

1982లో సాగర్ సర్హదీ తీసిన 'బాజార్' సినిమాలో హైదరాబాద్ ఉంది. గల్ఫ్‌లో డబ్బు సంపాదించినవాడు ఇక్కడికి వచ్చి పేదింటి పిల్లను కొనుక్కునే కథ. అది అబద్ధమని మేం అనం. అలాంటి పెళ్లిళ్లు జరిగాయి. మా పెద్దలు సిగ్గుపడాల్సిన విషయం. కానీ ఆ తర్వాత గల్ఫ్, పాత నగరం అనగానే బయటివాళ్లకు ముసలి షేక్, చిన్నపిల్ల తప్ప ఇంకేమీ కనబడలేదు. ఆ ఊళ్లోంచే పోయి అరబ్బుల ఏసీలు బాగుచేసే వేలాదిమంది కనబడలేదు. 2007లో వచ్చిన 'దుబాయ్ శీను'లో ఏజెంటు మోసం హాస్యానికి ముడిసరుకైంది. కథల్లోనైతే గల్ఫ్ పోయినవాడు చాలాసార్లు రెండు రూపాల్లోనే వస్తాడు. మోసపోయి వచ్చేవాడు, పెట్టెలో వచ్చేవాడు. అతను అక్కడ ఏ పని చేశాడు, ఎంత బాగా చేశాడు, ఏం కొత్తగా నేర్చుకున్నాడు అన్నది కథకుడికి అక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ కుర్రాడి కథలో అతని పని ఉంటుంది. గల్ఫ్ కార్మికుడి కథలో అతని కష్టం మాత్రమే ఉంటుంది.

రాజకీయాల్లో ఇంకా ఘోరం. 1981లో మీనాక్షిపురం మతాంతరీకరణల తర్వాత 'పెట్రో డాలర్లు' అన్న మాట ఊరూరా తిరిగింది. ఒకే విమానంలో పక్కపక్క సీట్లలో కూచుని పోయిన ఇద్దరిలో నిజామాబాద్ పద్మశాలి పంపిన డబ్బు 'చెమట సొమ్ము' అయింది, మా మామూ పంపినది 'పెట్రో డాలర్' అయింది. అతను ఆ డబ్బుతో రెండు గదులు వేశాడు. చెల్లెలి పెళ్లి చేశాడు. అంతే మిగిలింది.

మేం రాసుకున్నదాని సంగతి? ఖాదర్ మొహియుద్దీన్ 1991లో 'పుట్టుమచ్చ' తెచ్చినప్పటి నుంచి, 1998లో 'జల్‌జలా' వచ్చినప్పటి నుంచి తెలుగులో ముస్లిం గొంతు ఒకటి నిలబడింది. సొంత దేశంలో పరాయివాళ్లుగా చూడబడటాన్ని మేం గట్టిగానే ప్రశ్నించాం. అది అవసరం. కానీ మా దృష్టి అనుమానించబడ్డ ముస్లిం మీద నిలిచినంతగా పని తెలిసిన ముస్లిం మీద నిలవలేదు. మా అస్తిత్వం అవమానం ఒక్కటే కాదు, హునర్ కూడా. రాగితీగ గేజిని వేళ్లతో పట్టి చెప్పగలగడం కూడా మా అస్తిత్వమే. దాన్ని మేమే రాయకపోతే ఇంకెవరు రాస్తారు?

*

గల్ఫ్ పోయాక సంగతి. మామూ ఇఖామాలో వృత్తి దగ్గర 'ఆమిల్' అని రాశారు. అంటే కూలీ. ఏజెంటు దగ్గర దొరికిన వీసా అదే. ఆరేళ్లు అక్కడ మోటార్లు చుట్టాడు, జీతం మాత్రం కూలీదే. ఇక్కడ సర్టిఫికెట్ లేని చేతికి అక్కడ పేరు లేదు. కఫీల్ వదిలితే తప్ప ఇంకొక చోటికి పోలేడు. అంటే పనిమంతుడిగా బయల్దేరినవాడు విమానం దిగేసరికి కూలీ అయ్యాడు. ఆ మధ్యలో ఎవరున్నారు? ఒక ఏజెంటు, రెండు ప్రభుత్వాలు.

ఆ దేశాల విధానాలు మారిన ప్రతిసారీ మా గల్లీలో ఇళ్లు కదిలాయి. సౌదీ 2011లో నితాఖత్ తెచ్చింది. కంపెనీలు తమ దేశస్తులను ఇంత మందిని పెట్టుకోవాలన్న నిబంధన. 2013లో గడువు పెట్టి కాగితాలు సరిగా లేనివాళ్లను పంపేసింది. 2016లో మొబైల్ షాపులన్నీ సౌదీలకే అంది. ఫోన్లు బాగుచేసే మా కుర్రాళ్లు సామాను సర్దుకున్నారు. 2017 జులై నుంచి వెంట ఉన్న భార్యకు, ఒక్కొక్క బిడ్డకు నెలకు 100 రియాళ్లు కట్టమంది. 2020 నాటికి అది 400 అయింది. ఇద్దరు పిల్లలున్నవాడు కుటుంబాన్ని పక్కన పెట్టుకోవాలంటే నెలకు 1200 రియాళ్లు. ఆ లెక్క వేసుకుని భార్యాబిడ్డలను వాపసు పంపిన ఇళ్లు మా బస్తీలో చాలా ఉన్నాయి. వాళ్ల దేశం, వాళ్ల నిరుద్యోగం, వాళ్ల నిబంధన. అడిగే హక్కు మాకు లేకపోవచ్చు. కానీ 2025 సెప్టెంబరులో అమెరికా హెచ్1బి వీసాకు లక్ష డాలర్ల ఫీజు పెట్టినప్పుడు మన రాష్ట్రాల్లో లేచిన ఆందోళన మేం చూశాం. అది న్యాయమైన ఆందోళనే. అందులో మా పిల్లలూ ఉన్నారు. 2017లో ఆ 100 రియాళ్లకు అందులో పదో వంతు ఆందోళన కూడా మాకు గుర్తులేదు. మెదడు మీద పన్ను వేస్తే దేశ సమస్య. చేతి మీద పన్ను వేస్తే ఇంటి సమస్య.

మన ప్రభుత్వం ఏం చేసింది? 2020 సెప్టెంబరులో, కరోనాకు పనులు పోయి జనం వాపసొస్తున్న రోజుల్లో, గల్ఫ్ పోయే కార్మికులకు ఉండాల్సిన కనీస వేతనాన్ని తనే 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది. తగ్గించకపోతే ఉద్యోగాలు వేరే దేశాలవాళ్లకు పోతాయంది. తెలంగాణ హైకోర్టులో కేసు పడింది. 2021లో ఆ ఉత్తర్వులు వాపసు తీసుకున్నారు. సొంత కార్మికుడి ధరను సొంత ప్రభుత్వమే తగ్గించి బజార్లో పెట్టిందన్న మాట చరిత్రలో మిగిలింది. ఏజెంటు 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ తప్ప తీసుకోకూడదని నిబంధన ఉంది. ఎంత తీసుకున్నారో మా గల్లీలో ఏ తలుపు తట్టినా చెప్తారు. ఇళ్లల్లో పనికి పోయే ఆడవాళ్లకు 30 ఏళ్లు నిండాలని నిబంధన ఉంది. అవసరం 30 ఏళ్లు నిండే దాకా ఆగదు. కాబట్టి విజిట్ వీసా మీద పోతారు. అప్పుడు ప్రభుత్వ లెక్కలో వాళ్లు అసలు పోనేలేదు. కాపాడటానికి పెట్టిన తలుపు మూసి ఉంటే, జనం కాపలా లేని కిటికీలోంచి పోతారు.

చేయాలనుకుంటే ప్రభుత్వం చేయగలదు. 2024 జనవరిలో ఇజ్రాయెల్ భవన నిర్మాణానికి మనుషులు కావాలన్నప్పుడు హర్యానాలో, ఉత్తరప్రదేశ్‌లో ప్రభుత్వాలే శిబిరాలు పెట్టాయి. ప్లాస్టరింగ్, టైల్స్, ఇనుప కడ్డీలు వంచడం వంటి పనులు చేయించి చూసి ఎంపిక చేశాయి. నెలకు లక్షకు పైగా జీతం. అక్కడ యుద్ధం నడుస్తోందని కార్మిక సంఘాలు వ్యతిరేకించినా ఆగలేదు. యుద్ధం నడిచే దేశానికి పంపడం సరైందా అన్నది వేరే చర్చ, మాకు అందులో గట్టి అభ్యంతరాలున్నాయి. ఇక్కడ చెప్పదలుచుకున్నది ఒక్కటే. చేతిపనిని చేయించి చూసి కొలవడం సాధ్యమేనని ప్రభుత్వమే రుజువు చేసింది. అయితే యాకుత్‌పురాలో ఆ పని ఎందుకు చేయదు?

*

మేం అడిగేవి పెద్ద కోరికలు కావు.

ఉస్తాద్ దగ్గర నేర్చిన పనికి ప్రభుత్వం పరీక్ష పెట్టి, నిజంగా చెల్లే కాగితం ఇవ్వాలి. పరీక్ష ఉర్దూలోనూ తెలుగులోనూ ఉండాలి. 'అంతకుముందు నేర్చినదానికి గుర్తింపు' అనే పథకం 2015 నుంచి కేంద్రం దగ్గర కాగితం మీద ఉంది. దాన్ని బస్తీకి తెచ్చి, ఆ కాగితాన్ని పదో తరగతితో సమానంగా పాస్‌పోర్టు ఆఫీసులో ఒప్పుకోవాలి. అప్పుడు మామూ 'ఆమిల్' కాడు.

కారీగర్‌కు పిన్‌కోడ్ చూడకుండా అప్పివ్వాలి. వీసాకు అప్పు దొరికి లేత్ మిషన్‌కు దొరకని ఊళ్లో వలస ఆగదు. పోయినవాళ్లను, వాపసొచ్చినవాళ్లను లెక్కపెట్టాలి. కేరళ 1996లోనే ప్రవాసుల కోసం ఒక శాఖ పెట్టింది, 1998 నుంచి వలస సర్వేలు జరుగుతున్నాయి. తెలంగాణ 2024లో గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు 5 లక్షల సాయం ప్రకటించింది. మంచిదే. చచ్చినవాడికి ఉన్న లెక్క బతికి వచ్చినవాడికి కూడా ఉండాలి. ఇరవై ఏళ్లు క్రేన్ నడిపినవాడు వాపసొచ్చి ఆటో తోలుతుంటే ఆ నైపుణ్యం ఎవరికి నష్టం? దాన్ని మేధోవలస అన్నట్టు ఇంకో పేరు పెట్టి ఎవరూ ఏడవరెందుకు?

ఇంజనీరింగ్, మెడిసిన్ చదువుల్లో 2007 నుంచి అమలైన 4 శాతం రిజర్వేషన్ మా పేద పిల్లలకు నిజంగా మేలు చేసింది. వాళ్లలో చాలామంది కూడా ఈరోజు బాహరే ఉన్నారు. కానీ నీలం అట్టతో, ముద్ర లేకుండా, పేరున్న ఉద్యోగంతో పోయారు. ఒకే ఇంట్లో మామూకూ మేనల్లుడికీ మధ్య ఉన్న ఈ తేడా తెలివిలో తేడా కాదు, ప్రభుత్వం ఒకరికి తెరిచిన దారి ఇంకొకరికి తెరవకపోవడం. విధానం వలసను ప్రభావితం చేస్తుందా అని అడిగేవాళ్లకు మా ఇల్లే జవాబు.

ఇంతసేపూ 'మేం' అని రాశాం. ఈ గీత దగ్గర ఒకే వరుసలో నిలబడ్డ పద్మశాలి, మాదిగ, దూదేకుల, షేక్, సయ్యద్ అందరూ కలిసి 'మనం' అనే రోజు కోసమే అలా రాశాం. పోవాలనుకున్నవాడు పోవాలి. మేం ఎవర్నీ ఆపమనం. కానీ ఉండాలనుకున్నవాడు ఉండగలగాలి. పోయినవాడు తన పేరుతో, తన పని పేరుతో పోవాలి.

మామూ పోయిన సంవత్సరం వాపసొచ్చేశాడు. చూపు తగ్గింది, వేళ్లు వణుకుతున్నాయి. షాపు లేదు. సాయంత్రం గల్లీ చివర కూచుంటాడు. మనవడిని "దాదా కహాఁ హై?" అని అడిగితే ఇప్పుడు కూడా "బాహర్ హై" అంటాడు.